నయా రాయపూర్ నడిరోడ్డు మీద ఇంటి బీమా

మా అమ్మ సొంత ఇంటి కంటే ముందు దాని కర్టెన్లు కొంది. రాయపూర్ పండరీ బజారులో బట్టల దుకాణాల చుట్టూ మూడు గంటలు తిరిగి, ఆకుపచ్చ పువ్వుల గుడ్డ పద్దెనిమిది మీటర్లు తెచ్చింది. అప్పటికి మాకు ఇల్లు లేదు. కిటికీలు లేవు. లోను ఇస్తామని బ్యాంకు వాళ్లు ఇంకా నోరు విప్పి చెప్పనే లేదు. కొలతలు లేకుండా ఎలా కొన్నావని అడిగితే, కిటికీలు ఎక్కడైనా కిటికీల్లాగే ఉంటాయంది.

ఆవిడ ఆత్రం నాకు అర్థం కాకపోలేదు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి రాయపూర్ వచ్చిన దగ్గర్నుంచి ముప్పై ఒక్క ఏళ్లలో ఐదు రైల్వే క్వార్టర్లు మారింది. నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. ఐదు క్వార్టర్లకీ ఒకటే పసుపు సున్నం. తలుపు మీద నంబరు, కరెంటు మీటరు మీద నంబరు, ఆఖరికి పెరట్లో జామచెట్టు మీద కూడా తెల్ల రంగుతో నంబరు. క్యాలెండరు తగిలించడానికి గోడకి మేకు కొట్టాలన్నా అమ్మ ముందు అటూ ఇటూ చూసుకునేది. ఇది మనది కాదు అనే మాట ఆ ఇళ్లలో నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు.

నాన్న రిటైరయ్యాడు. ఏప్రిల్ ఆఖరికి క్వార్టరు ఖాళీ చేయాలి. ఊళ్లోనే మోవా అనే పేటలో రెండు గదులు, ఒక హాలు, గుప్పెడంత పెరడు ఉన్న పాత ఇల్లు ఒకటి దొరికింది. ఉద్యోగం నాది కాబట్టి లోను నా జీతం మీద, ఆడవాళ్ల పేరైతే స్టాంపు డ్యూటీ కాస్త తక్కువ కాబట్టి ఇల్లు అమ్మ పేరు మీద, బ్యాంకు అడిగింది కాబట్టి లోను కాగితాల్లో ఇద్దరి పేర్లూ. ఇల్లు అమ్మే పెద్దాయన మంచివాడే గానీ, నగదు పట్టుకుని ఇంకో పార్టీ ఆయన గుమ్మంలో కూర్చుని ఉంది. మంగళవారం లోపల మా చెక్కు అందకపోతే వాళ్లకి ఇచ్చేస్తానని చెప్పేశాడు. అన్ని కాగితాలూ సరిపోయాయి, ఇంటి బీమా ఒక్కటి చేయించి సోమవారం పాలసీ తెచ్చి పెట్టండి, చెక్కు పట్టుకుపోండి అని బ్యాంకు ఆఫీసరు అన్నాడు. ఇదెంత పని అనుకున్నాను నేను. నా బుద్ధి తక్కువ.

బుధవారం సాయంత్రం బీమా ఏజెంటు మా క్వార్టరుకి వచ్చాడు. నలభై ఏళ్ల ఛత్తీస్‌గఢీ మనిషి, మెత్తని మాట, జిప్పు పాడైన సంచీ. అమ్మని మాతాజీ అన్నాడు, నాన్నని బాబూజీ అన్నాడు, టీ గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. అమ్మకి నచ్చాడు. ఫారం తీసి సంతకం పెట్టే చోట్లలో పెన్సిలుతో టిక్కులు కొట్టాడు. సంతకం తెలుగులో పెడతానంది అమ్మ. అయితే ఇంకో నియమం ఉందన్నాడతను. ఫారంలో రాసిందంతా ఆవిడకి వచ్చిన భాషలో చదివి వినిపించాలి, వినిపించిన మనిషి కూడా కింద సంతకం పెట్టాలి. ఎవరూ చదవరు లెండి దీదీ, ఊరికే పెట్టేయండి, అని నాకు పెన్ను ఇచ్చాడు.

అమ్మ ఒప్పుకోలేదు. చదవకుండా సంతకం పెట్టడం మా ఇంట్లో నిషేధం. ఒకప్పుడు నాన్న, ఏదో వీడ్కోలు సభకి చందా కాగితం అనుకుని, ఎక్కడికి పంపినా పోతానని రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టి, రెండేళ్లు డోంగర్‌గఢ్‌లో హోటలు తిండి తిన్నాడు. అప్పట్నుంచి పాల కార్డు కూడా అమ్మ రెండు వైపులా చదివి గానీ సంతకం పెట్టదు.

సరే, ఏజెంటు హిందీలో చదవడం, నేను తెలుగులో చెప్పడం అని ఒప్పందమైంది. అతను గొంతు సవరించుకుని, ఈ కింది కారణాల వల్ల ఇంటికి నష్టం కలిగితే కంపెనీ చెల్లిస్తుంది, ఒకటి, ఆగ్, అన్నాడు. నేను, "మన ఇల్లు తగల..." అనేలోపు అమ్మ అరచెయ్యి నా నోటి మీద పడింది. చేతికి ఉల్లిపాయ వాసన.

"ఒలే, దీపం పెట్టే వేళ ఏటా మాటలు?" అంది. "తథాస్తు దేవతలు ఇంట్లోనే తిరుగుతుంటారు. మనం ఏటంటే అది తథాస్తనేసి పోతారు."

నేను పుట్టి పెరిగిన ఇల్లే గనక నాకు ముందే తట్టి ఉండాల్సింది. మా ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోలేదు, నిండుకున్నాయి. దీపం ఎప్పుడూ ఆరిపోలేదు, కొండెక్కింది. నాన్న ముప్పై నాలుగేళ్లలో ఒక్కరోజూ డ్యూటీకి వెళ్లలేదు, వెళ్లొచ్చాడు. పోవడం, ఆరడం, విరగడం అనే మాటలు నేను బడిలో, హిందీలో నేర్చుకున్నాను. అలాంటి ఇంట్లో ఒక పరాయి మనిషి టీ తాగి, ఇరవై రకాల వినాశనాలు వరసగా చదువుతానంటే అమ్మ ఊరుకుంటుందా?

నాన్నకి ఇలాంటి చిక్కులంటే సరదా. తెలుగులో వద్దు, హిందీలో విని ఊరుకో, అన్నాడు. ఇన్నేళ్లు రాయపూర్‌లో మనతో ఉన్న దేవతలకి హిందీ రాదేటి, అని అడిగింది అమ్మ. అయితే మాటల్లేకుండా చెబుతానని నాన్న లేచి నిలబడి, పది వేళ్లూ పైకి ఆడించి మంటలు చూపించాడు. ఒళ్లంతా ఊపి భూకంపం చూపించాడు. ఏజెంటు భయపడి నాన్న మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు అడిగాడు. దేవతలకి కళ్లు కూడా ఉంటాయి, కూర్చోండి, అంది అమ్మ.

మన పద్ధతిలో మంచి మాటలతో చెప్పుకుందాం, అని నాన్నే మళ్లీ ఉపాయం చెప్పాడు. మంగళసూత్రం తెగితే పెరిగింది అంటాం కదా, అలాగే ఇల్లు పెరిగితే అందాం. ఆ మాటని ఉన్నదున్నట్టు హిందీలోకి మార్చి ఏజెంటుకి చెప్పాడు. ఇల్లు పెరిగితే ఏమిస్తారని అడిగాడు. పైన ఇంకో అంతస్తు వేస్తే అదనపు ప్రీమియం మీరే కట్టాలి బాబూజీ, అన్నాడు పాపం అతను.

అప్పటికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీరు బయట నిలబడి చదవండి భయ్యా, మేం గుమ్మం ఇవతల నిలబడి వింటాం, అన్నాను. ఇంట్లో అన్నది కాదు గనక అమ్మ కూడా సరేనంది. అతను చెప్పులు వేసుకుని సందులోకి దిగి, ఫారం వీధిలైటు వైపు తిప్పి, కాస్త గట్టిగా, భూకంప్, అన్నాడు. పక్క క్వార్టరు ఆవిడ చేతిలో చేటతో బయటికొచ్చింది. విజయనగరం మనిషి, ఆవిడ ఇంట్లోనూ అవే దేవతలు. మీ ఇంట్లో అనకూడని మాట మా గుమ్మం ముందు అనిపిస్తారా అని అమ్మ మీద ఒంటికాలి మీద లేచింది. ఆఖరికి ఏజెంటు హెల్మెట్టు చంకలో పెట్టుకుని, ఆవిడ ఇల్లు వందేళ్లు చల్లగా ఉండాలని, పిల్లలకి మంచి మార్కులు రావాలని, మోకాళ్ల నొప్పి తగ్గాలని ఆవిడ చెప్పినట్టల్లా పలికి విముక్తుడయ్యాడు. రేపు వస్తానని వెళ్లిపోయాడు. ఇంకొకడైతే మళ్లీ మా గుమ్మం తొక్కేవాడు కాదు.

గురువారం అంతా చోటు కోసం వెతుకులాటే. గుడి దగ్గర చదువుదామంటే, దేవుడు సూటిగా వింటాడంది అమ్మ. టీ బండి దగ్గర అంటే, ఆ టీ బండి వాడికి ఇద్దరు ఆడపిల్లలంది. రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర ఎవరూ ఉండరని నాన్న అన్నాడు. అమ్మ ఆయన వంక చూసిన చూపుకి రిటైరైన మనిషి మళ్లీ డ్యూటీకి పోయేవాడే. ఆ పట్టాల మీద రోజూ ఎంతమంది పోతారో తెలిసి కూడా అక్కడ ఆ మాటలు అంటారా, ఇన్నాళ్లు తిన్న అన్నం ఎవరిది, అని అడిగింది.

శుక్రవారం రాత్రి అన్నం దగ్గర నేను పేలిపోయాను. నాలుగు రోజుల్లో ఇల్లు ఇంకొకరికి పోతుంది, క్వార్టరు ఖాళీ చేయాలి, కర్టెన్లు ఏ చెట్టుకి కడతావు, అని అరిచాను. "నయా రాయపూర్ నడిరోడ్డు మీద కూర్చుని చదువుకో. అక్కడ ఇళ్లూ లేవు, మనుషులూ లేరు, కుక్క కూడా తిరగదు."

నేను వెటకారంగా అన్నాను. అమ్మ కంచంలో చెయ్యి ఆపి ఆలోచించింది.

"నిజంగా ఇళ్లు లేవేటి?" అంది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మేం ఆటోలో బయల్దేరాం. తిరిగొచ్చేటప్పుడు అక్కడ సవారీ దొరకదని ఆటో అతను రానూపోనూ మాట్లాడుకున్నాడు. వెనక ఏజెంటు స్కూటరు. అమ్మ పులిహోర, చేగోడీలు, మంచినీళ్ల సీసాలు, చాప సర్దింది. ఏజెంటు భార్య బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించిన ఫరాలు డబ్బా నిండా పంపింది, వెల్లుల్లి పచ్చడితో సహా. ఆవిడకి భర్త ఏం చెప్పాడో తెలియదు గానీ, ఆమెకీ ఇది విహారయాత్ర అనే అర్థమై ఉంటుంది. నాన్న రిటైర్మెంటుకి కుట్టించిన చొక్కా వేసుకున్నాడు.

నయా రాయపూర్ అంటే ఊరవతల కొత్తగా కడుతున్న రాజధాని. నాకు కొత్త కాదు. మా ఆఫీసు అక్కడే. రోజూ స్టాఫ్ బస్సులో ఆ రోడ్ల మీదే పోతాను. రోడ్డుకి ఆ ఒడ్డున మనిషి నిలబడితే ఎవరో పక్క జిల్లా వాడిలా కనిపిస్తాడు. సిగ్నల్ లైట్లు ఎవరూ లేకపోయినా పద్ధతిగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మారుతుంటాయి. అమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి ఇళ్ల కోసం చూసింది. దూరంగా ఒక పెద్ద భవనం కనిపించింది. అదేటని అడిగితే ఆఫీసన్నాను. అందులో ఎవరైనా పడుకుంటారా అంది. భోజనాలయ్యాక పడుకుంటారన్నాను. అయితే ఇంకా ముందుకి పోనివ్వమంది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక నాలుగు దిక్కులా ఏమీ లేదు. రోడ్డు మధ్య డివైడరు మీద గడ్డి, మోకాలెత్తు మొక్కలు. అక్కడ చాప పరిచాం. నీడ ఇచ్చేంత వయసు ఆ మొక్కలకి ఇంకా రాలేదు. అమ్మ గొడుగు తెరిచి ఏజెంటు నెత్తిన పట్టుకుంది. చదివే మనిషికి ఎండ తగలకూడదట.

నాలుగు రోజులుగా గొంతులో ఆగిపోయిన మాటలన్నీ అతను హాయిగా చదవడం మొదలుపెట్టాడు. ఆగ్ అన్నాడు, నేను అగ్నిప్రమాదం అన్నాను. బిజిలీ అంటే పిడుగు అన్నాను. మా గొంతులకి అడ్డు లేదు, గోడ లేదు, వినేవాడు లేడు. చిన్నప్పట్నుంచీ అనకూడని మాటలన్నీ అమ్మ ముందు నిలబడి అరిచి చెప్పడంలో నాకు చెప్పలేనంత సుఖం కలిగింది. పేలుడు, తుఫాను, వరద, ఇల్లు కూలడం, అంటూ ఒక్కో మాటా సాగదీశాను. అమ్మ ప్రతిదానికీ తల ఊపి, ఆఁ, తర్వాత, అనేది.

విమానం పడితే, అన్నాడు. మోవా మీదుగా విమానాలు పోతాయా అని అమ్మ అనుమానం. మిసైల్ పరీక్షలు జరిపేటప్పుడు పొరపాటున పడితే, అన్నాడు. ఆ మిసైల్ వేసేవాళ్లకి మన చిరునామా ఎవరిచ్చారని అడిగింది. కొండచరియలు విరిగిపడితే అనగానే అమ్మ పట్టేసింది. మోవా పరాటాలాగా చదునుగా ఉంది, కొండ ఎక్కడిది, అది తీసేసి ప్రీమియంలో ఎంత తగ్గిస్తారో చెప్పమంది. పది నిమిషాలు బేరం నడిచింది. కొండ తీయడం కుదరదనీ, అది మిగతావాటితో కలిపి ఊరికే వస్తుందనీ అతను నచ్చజెప్పాడు. ఊరికే వచ్చేదైతే ఉంచమంది.

అల్లర్లు, సమ్మెలు, అనేది వచ్చేసరికి నాన్న లేచాడు. ఆయన ముప్పై ఏళ్లు యూనియన్ మనిషి. సమ్మెని పిడుగుల పక్కన, భూకంపాల పక్కన ఎవడు రాశాడని అడిగాడు. సమ్మె కార్మికుడి హక్కు. అది ఇళ్లు కూల్చదు, ఇళ్లు నిలబెట్టింది. ఏజెంటు చెమట తుడుచుకుని, ఇది పైనుంచి ముద్రించి వస్తుంది బాబూజీ, నేను కమీషను మీద బతికేవాడిని, నాకు యూనియన్ కూడా లేదు, అన్నాడు. యూనియన్ లేదా అని నాన్న జాలిపడి, వాళ్లందరినీ ఎలా కూడగట్టాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఈ గొడవలో పోలీసు గస్తీ జీపు ఒకటి వచ్చి ఆగింది. రోడ్డు మధ్యలో గొడుగు కింద ఏం జరుగుతోందని అడిగారు. ఇంటి బీమా, అన్నాడు నాన్న. ఇల్లెక్కడ అన్నారు. మోవాలో అన్నాడు. వాళ్లు కాసేపు మా వంక, కాసేపు ఒకరి వంక ఒకరు చూసుకుని, ఆలోచించి, చెరో ఫరా తీసుకుని వెళ్లిపోయారు.

అమ్మ ఫారం చివర సంతకం పెట్టింది. చదివి వినిపించానని నేను పెట్టాను. పులిహోర పొట్లాలు విప్పాం. ఇల్లు వచ్చేసినట్టే ఉంది మాకు. గేటు ఏ రంగు వేయాలని అమ్మా నాన్నా వాదించుకుంటున్నారు.

ఇంకో ఫారం ఉంది, నాలుగే పేజీలు, అన్నాడు ఏజెంటు. ఇంటి బీమాతో పాటు దీన్ని కూడా జత చేయమని బ్యాంకు వాళ్లు పంపారట. క్వార్టర్లో మొదటి వరస దాటనే లేదు గనక దాని సంగతి మాలో ఎవరికీ తెలియదు. అతను పులిహోర చెయ్యి తుడుచుకుని, అదే ఊపులో, పిడుగులూ వరదలూ చదివిన గొంతుతోనే చదివాడు. లోను తీరకముందే రుణం తీసుకున్న వ్యక్తి మరణించినట్లయితే, అని చదివి, అర్థం కావడానికి పెన్ను నా వైపు చూపించి, అంటే దీదీ, అన్నాడు.

అమ్మకి ఆ ముక్క తెలుగులో చెప్పనవసరం లేకపోయింది.

చాప మీంచి లేచింది. అతని చేతిలో కాగితాలు తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. మొహం ఎలా ఉందంటే, నేను ఆవిడని అలా ఎప్పుడూ చూడలేదు.

"ఇల్లొద్దు," అంది. "లేవండి, పోదాం."

నాన్న ఏదో అనబోయాడు. అద్దెకి పోదాం, ఇన్నాళ్లు పరాయి గోడల మధ్య బతకలేదేటి, ఇంకా బతుకుతాం, అంది. మా కింది నుంచి చాప లాగేస్తోంది. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఏడుపు వచ్చింది గానీ, నాకు ఏడుపు కోపంలాగే వస్తుంది. ఇంత దూరం వచ్చాక, ఇంత చేశాక, ఒక్క ముక్క చదివితే ఏమవుతుంది, ఎవరూ వినని చోటే కదా ఇది అని అరిచాను. "నేనేం చచ్చి..." అన్నాను. ఈసారి నోరు మూయడానికి ఆవిడ చెయ్యి రాలేదు. రెండు చేతులతో తన చెవులు మూసుకుని నిలబడింది. నేను ఆగిపోయాను.

ఏజెంటు తలవంచుకున్నాడు. తర్వాత మెల్లగా హిందీలో, లోను ఇద్దరి పేరు మీద ఉంది మాతాజీ, ఇద్దరిలో ఎవరో ఒకరి మీద తీసుకుంటే చాలు, అన్నాడు. జీతం దీదీది కదా అని దీదీ పేరు రాశాను. మీ పేరు రాస్తే వయసు వల్ల ప్రీమియం పెరుగుతుంది, డాక్టరు పరీక్ష కూడా ఉంటుంది.

అమ్మ చేతులు దించింది. "అంటే, నేను పోతే దీని అప్పు తీరిపోద్దా?" అని నన్ను అడిగింది. అతన్ని అడగమంది. అడిగాను. తీరిపోతుందన్నాడు. ఇల్లు దీనికే ఉంటదా అంది. ఉంటుందన్నాడు.

"మరి ఆ మాట ముందే సెప్పొచ్చు కదా," అంది అమ్మ. చాప మళ్లీ పరిచింది. కూర్చుని, కళ్లద్దాలు చీరకొంగుతో తుడుచుకుని, మడతలు విప్పి కాగితాలు అతనికిచ్చి, నా పేరు పెట్టి చదవండి, అంది.

అతను చదవలేదు. ఆ నాలుగు రోజుల్లో మా ఇంటి జబ్బు అతనికీ అంటుకున్నట్టుంది. చూపిస్తాను, మీరు సంతకం పెట్టేయండి, అని బతిమాలాడు. నాన్న రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. చదవకుండా సంతకం పెట్టనంది అమ్మ. అతను కాగితాల్లో తల దూర్చి, నోట్లోనే చదివినట్టు చదివేశాడు. అమ్మ నా వంక తిరిగింది.

"తెలుగులో నువ్వు సెప్పాల కదా. సెప్పు."

నేను మంచినీళ్ల సీసా మూత బిగిస్తూ ఉండిపోయాను.

"సెప్పు పాపా. నియమం కదేటి. గట్టిగా సెప్పు."

చెప్పాను. లోను తీరకముందే నువ్వు చనిపోతే, బాకీ అంతా కంపెనీ కడుతుంది, ఇల్లు నాకే ఉంటుంది, అని మా అమ్మ మొహంలోకి చూస్తూ, పట్టపగలు, నా నోటితో నేను చెప్పాను. సరిగ్గా అప్పుడే ఆ దిక్కుమాలిన రోడ్డు మీదికి పొద్దుట్నుంచీ రాని లారీ ఒకటి హారను కొట్టుకుంటూ వచ్చి పోయింది.

"ఇనబడి ఉండదు," అంది అమ్మ. నా గురించి అనలేదు, తన గురించీ అనలేదు, పైకి చూస్తూ అంది. "ఇంకోసారి సెప్పు."

ఇంకోసారి చెప్పాను. అమ్మ మొదట్నుంచి చివరిదాకా తల ఊపుతూ వింది. పిడుగులకీ వరదలకీ అన్నట్టే ఆఁ అంది. చక్కటి గుండ్రటి తెలుగు అక్షరాల్లో సంతకం పెట్టి, ఇక పులిహోర తినమని అందరికీ పెట్టింది. నాకు రెండుసార్లు వడ్డించింది. 

సోమవారం పొద్దున్నే అమ్మకి డాక్టరు పరీక్ష చేయించి బ్యాంకులో కాగితాలు ఇచ్చాం, మంగళవారం చెక్కు వచ్చింది, నెలాఖరుకి మోవాలో పాలు పొంగించాం. లోను తీరడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ పదకొండేళ్లూ అమ్మకి తుమ్ము వచ్చినా నేను ఆఫీసుకి సెలవు పెట్టాను.